ఆరంగ్ దారిలో ఎనమండుగురు మిత్రులు

మిత్రులు కొందరు కూడి, ఏటా ఒకసారి ఎక్కడికైనా వెళ్ళి వద్దామని అనుకోవడం సర్వసాధారణమైన విషయం. అనుకొన్న మాట పదేళ్ళు నిలవడం అరుదు. పిల్లల చదువులు, షిఫ్టు డ్యూటీలు, బదిలీలు, ఇంట పెద్దల అనారోగ్యం, తుదకు పదవీ విరమణ, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటిగా వచ్చి ఆ మాటను మెల్లగా మరపించివేస్తాయి. మన సంస్థలో వేర్వేరు విభాగాలలో పనిచేస్తూ ఆటస్థలంలో పరిచయమైన మేము ఎనమండుగురం 1996వ సంవత్సరంలో ఇటువంటి మాటే ఒకటి అనుకొన్నాము. ప్రతి శీతకాలంలో మూడు రోజులు కుటుంబాలతో సహా ఏదో ఒక ఊరు వెళ్ళాలి, అక్కడ గోల్ఫ్ ఆడాలి, ఆ చుట్టుప్రక్కల చూడదగిన స్థలాలు చూడాలి అన్నది ఆ మాట. కరోనా కారణంగా 2020, 2021 సంవత్సరాలలో తప్ప ఆ మాట నేటివరకు చెల్లుతూనే వచ్చినది. గత పుష్యమాసంలో మా యాత్ర ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని ఆరంగ్ ప్రాంతానికి సాగినది. అక్కడ చూచినది, విన్నది, మాలో మేము తెలుసుకొన్నది సహోద్యోగులతోను, వారి కుటుంబాలతోను పంచుకోవాలన్న కోరికతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఆట, దాని నియమం

గోల్ఫ్ అనగానే అది సంపన్నుల ఆట అన్న అభిప్రాయం మన ఇళ్ళలో బలంగా ఉన్నది. బ్రిటిషు దీవుల వెలుపల ప్రపంచంలోకెల్లా పాతదైన గోల్ఫ్ క్లబ్బు మన దేశంలోనే, కలకత్తాలో, 1829లో వెలసినది. ఆ కాలంలో అది దొరల ఆటయే. కాని పారిశ్రామిక నగరాలు పెరిగిన తరువాత ఈ ఆట కార్మిక, ఉద్యోగ కుటుంబాల చెంతకు కొంత వచ్చినది. అస్సాంలోని డిగ్బోయ్‌లో చమురు శుద్ధి కర్మాగారం వారి పదునెనిమిది హోళ్ళ మైదానం ఇందుకు మంచి ఉదాహరణ. మేము ఆట నేర్చుకొన్నది విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో. ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రపు గాలి. మాకు మొదటి పాఠాలు చెప్పినవారు సంచులు మోసే కేడీలే. క్లబ్బు ఎలా పట్టుకోవాలో, గాలిని ఎలా లెక్క కట్టాలో వారు చెప్పినంత విపులంగా ఏ పుస్తకమూ మాకు చెప్పలేదు.

ఆట తెలియని పాఠకుల కొరకు రెండు మాటలు. మైదానంలో పదునెనిమిది హోళ్ళు ఉంటాయి. ఒక్కొక్క హోలు నాలుగుంబావు అంగుళాల వెడల్పు గల చిన్న గుంట. నలభై ఆరు గ్రాములకు మించని బంతిని క్లబ్బుతో కొట్టి, వీలైనన్ని తక్కువ దెబ్బలలో ఆ గుంటలో వేయాలి. ఒక్కొక్క హోలుకు ఇన్ని దెబ్బలని ముందే నిర్ణయించిన లెక్కను పార్ అంటారు. పద్దెనిమిదీ పూర్తి కావడానికి నాలుగు గంటలకు పైగా పడుతుంది. ఎనిమిది, పది కిలోమీటర్ల నడక అవుతుంది. ఆటగాని నైపుణ్యాన్ని బట్టి కొన్ని దెబ్బలు మినహాయింపుగా ఇచ్చే హ్యాండీక్యాప్ పద్ధతి ఉన్నందువలన ముప్పై ఏళ్ళ వారు, డెబ్బై ఏళ్ళ వారు ఒకే పోటీలో సమానంగా ఆడవచ్చును. మేము ఆడేది స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతి. ఇంగ్లాండుకు చెందిన వైద్యుడు ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ దీనిని రూపొందించగా 1932లో మొదటి పోటీ జరిగినది. పార్‌లో ముగిస్తే రెండు పాయింట్లు, ఒక దెబ్బ ఎక్కువైతే ఒకటి, ఒక దెబ్బ తగ్గితే మూడు. ఒక హోలులో ఎంత చెడిపోయినా సున్నాతో సరి. తరువాతి హోలుకు మరల తేటగా మొదలుపెట్టవచ్చును. వయసు మళ్ళిన మిత్రులకు ఇంతకంటె దయగల పద్ధతి లేదు.

ఈ ఆటకు ఉన్న అసలు ప్రత్యేకత మరొకటి. సాధారణంగా ఆటగాని వెంట అంపైరు ఉండడు. పొదల మాటున బంతి కదిలితే చూచేవాడు ఆటగాడొక్కడే. చెప్పవలసినవాడూ అతడే. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ అనే క్రీడాకారుడు తన బంతి కొద్దిగా కదిలినదని, మరెవ్వరూ చూడకపోయినా, తానే ప్రకటించి ఒక దెబ్బ జరిమానా వేసుకొన్నాడు. ఆ పోటీ చివరకు సమమై, ప్లేఆఫ్‌లో అతడు ఒకే ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. మా ఎనమండుగురిలో ప్రతివారికి ఈ కథ కంఠస్థం. మా పోటీకి బహుమతి ఒక ఉక్కు గ్లాసు. క్యాంటీనులో వాడుక నుండి తీసివేసిన దానిని విధి ప్రకారం ఐదు రూపాయలు చెల్లించి, రసీదు పుచ్చుకొని తెచ్చుకొన్నాము. గెలిచినవారి ఇంట ఒక సంవత్సరం ఉండి, మరుసటి యాత్రకు అది తిరిగి వస్తుంది. రసీదు కూడా గ్లాసులోనే భద్రంగా ఉన్నది.

విశాఖ నుండి రాయపూర్‌కు

మొదటి ఎనమండుగురిలో ఒకరు 2021లో కాలధర్మం చెందారు. ఆ మరుసటి సంవత్సరం యాత్రకు ఆయన కుమార్తె తండ్రి క్లబ్బుల సంచి భుజాన వేసుకొని వచ్చినది. మన సంస్థలోనే ఇంజనీరు. మమ్మల్ని అందరినీ పెదనాన్నా, బాబాయీ అని పిలుస్తుంది. మా అందరికంటె బాగా ఆడుతుంది. కనుక ఇప్పటికీ మేము ఎనమండుగురమే.

ఇంతకు ముందు హైదరాబాదులో గోల్కొండ కోట ఒడిలోని నయాఖిలా మైదానం, జంషెడ్‌పూర్, ఊటీ మొదలైనవి చూచియున్నాము. రాయపూర్ ప్రక్కన నిర్మించిన నవా రాయపూర్‌లో పదునెనిమిది హోళ్ళ మైదానం ఏర్పడినదని, 2025లో అక్కడ జాతీయ స్థాయి వృత్తి క్రీడాకారుల పోటీ జరిగినదని తెలిసిన తరువాత మా చూపు అటు మళ్ళినది. ఆ మైదానం నుండి ఆరంగ్ పట్టణం ఎంతో దూరం లేదు. ఆట, యాత్ర రెండూ కలిసివస్తాయని నిశ్చయించుకొన్నాము.

విశాఖ నుండి రాయపూర్ వెళ్ళే రైలు మార్గానికి మన ప్రాంతంతో ఉన్న సంబంధం తెలుసుకోదగినది. విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా సాగే ఈ మార్గాన్ని బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారు 1931 నాటికి రాయపూర్ వరకు పూర్తి చేశారు. మధ్య భారతపు సరుకులు సముద్రానికి చేరడానికి దగ్గరి దారి కావాలన్నదే ఆనాటి ఉద్దేశం. రెండేళ్ళకు, 1933లో, విశాఖ నౌకాశ్రయం ప్రారంభమైనది. అనగా ఈ దారి, మన రేవు దాదాపు కవల పిల్లలు. తరువాతి కాలంలో భిలాయి ఉక్కు కర్మాగారానికి, రైల్వేలకు, వ్యాపారాలకు తెలుగు కుటుంబాలు ఈ దారినే వెళ్ళి స్థిరపడినవి. రాయపూర్, భిలాయి, దుర్గ్ పట్టణాలలో ఈనాటికీ తెలుగు మాట తరచుగా వినబడుతుంది. 2024 సెప్టెంబరులో ప్రవేశపెట్టిన విశాఖ–దుర్గ్ వందే భారత్ రైలులో మధ్యాహ్నం ఎక్కితే రాత్రికి రాయపూర్ చేరుకోవచ్చును. పార్వతీపురం దాటిన తరువాత కొండలు, సొరంగాలు. చీకటి పడిన తరువాత మహానది వంతెన. దానిని ఆనుకొని ఉన్న చిన్న స్టేషను పేరు ఆరంగ్ మహానది. రైలు అక్కడ ఆగలేదు. ఆ పేరు గల పలక మాత్రం కిటికీలో నుండి ఒక్క క్షణం కనబడినది.

దేవళాల ఊరు

మరునాటి ఉదయం ముందుగా ఆరంగ్‌కే బయలుదేరాము. రాయపూర్ నుండి తూర్పుగా, కోల్‌కతా వైపు పోయే జాతీయ రహదారి మీద ముప్పై ఆరు కిలోమీటర్ల దూరం. కోతలు ముగిసి, దారి పొడుగునా ధాన్యపు బస్తాలతో ట్రాక్టర్లు బారులు తీరియున్నవి. ఛత్తీస్‌గఢ్‌ను ధాన్యపు గిన్నె అని ఎందుకు అంటారో ఆ బారు చూస్తేనే తెలుస్తుంది. పుష్య పౌర్ణమి నాడు అక్కడ ఛేర్‌ఛేరా అనే పండుగ జరుపుతారు. పిల్లలు బృందాలుగా ఇంటింటికి వెళ్ళి కొత్త ధాన్యం అడుగుతారు. ఆ రోజున అడిగినవారిని ఉత్తచేతులతో పంపరు. మన సంక్రాంతి హరిదాసుకు బియ్యం పోసే గృహిణులకు ఈ ఆచారం పరాయిదిగా తోచదు. దారిలో తిన్న చీలా కూడా అంతే. బియ్యపు పిండితో పోసిన ఆ అట్టును టమాటా పచ్చడితో వడ్డించగా, మా బృందంలోని స్త్రీలు ఇది మన అట్టే కదా అని నిర్ధారించి, పిండి పాళ్ళు అడిగి తెలుసుకొన్నారు.

ఆరంగ్‌కు గుడుల పట్టణమని పేరు. శూర వంశపు రాజు రెండవ భీమసేనుని తామ్రశాసనం ఈ ఊరిలోనే లభించినది. అన్నిటిలో ముఖ్యమైనది భాండ్ దేవుల్ అనే జైన ఆలయం. దేవుల్ అన్నది మన దేవళం అన్న మాటకు సోదరమే. పదకొండవ శతాబ్దానికి చెందినదిగా భావింపబడే ఈ ఆలయం భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. ముందరి మండపం కాలగర్భంలో కలిసిపోగా, ఎత్తైన పీఠం మీద గర్భగృహం, శిఖరం మాత్రం మిగిలినవి. గోడలు తిన్నగా ఉండక నక్షత్రపు కోణాల వలె ముందుకు, వెనుకకు మడతలు పడుతూ పోతాయి. శిఖరం మీద చిన్న శిఖరాల నమూనాలు వరుసలుగా పైకి ఎక్కుతాయి. ఈ రీతిని భూమిజ శైలి అంటారు. లోపల నల్లని నునుపు రాతిలో మలచిన అజితనాథ, శ్రేయాంసనాథ, నేమినాథ తీర్థంకరుల నిలువెత్తు విగ్రహాలు ఉన్నవి. వరుసలో వీరు రెండవ, పదకొండవ, ఇరువది రెండవ తీర్థంకరులు. ఏనుగు, ఖడ్గమృగం, శంఖం వారి వారి గుర్తులు. ఊరిలో బాఘ్ దేవుల్, మహామాయ ఆలయం కూడా చూడదగినవి.

ఇక్కడ మా మిత్రులలో ఒకరిని గురించి చెప్పాలి. ఆయన లెక్కల విభాగంలో ముప్పై నాలుగు సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ చేశారు. కొన్నేళ్ళుగా గ్లకోమా వలన చూపు తగ్గుతూ వస్తున్నది. ఈ వ్యాధిలో చూపు అంచుల నుండి లోపలికి సన్నగిల్లుతుంది. నొప్పి ఉండదు, అందుచేత చాలాకాలం తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందుతోను, వైద్యంతోను మిగిలిన చూపును కాపాడుకోవచ్చును. నలభై ఏళ్ళు దాటినవారు, అందులోను ఇంటిలో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవారు, కంటి పీడనం పరీక్ష చేయించుకొనడం మంచిదని ఆయన ప్రతివారికి చెబుతుంటారు. ఇప్పుడు ఆయనకు ఎదుటనున్నది ఒక గొట్టంలో నుండి చూచినట్లు కొంత మేరకే కనబడుతుంది.

దేవళం ముందు నిలిచి ఆయన, "ఏమున్నదో ఒక్కొక్కరు చెప్పండయ్యా" అన్నారు. ఒకరు పీఠం ఎత్తు చెప్పారు. ఒకరు గోడ మడతలు లెక్కపెట్టారు. ఆ అమ్మాయి శిఖరం మీది చిన్న శిఖరాల వరుసలను క్రింది నుండి పైకి వర్ణించినది. ఆయన మధ్యమధ్య ప్రశ్నలు వేశారు. మండపం ఎంత దూరం వచ్చి ఉండేదని అడిగితే, నేలమీద జాడలు వెదికి చెప్పవలసి వచ్చినది. ఆయన ఒక్కరికి చెప్పవలసి ఉన్నందువలన ఏడుగురమూ ఆ దేవళాన్ని శ్రద్ధగా చూచాము. ఆయన లేకపోతే పది నిమిషాలలో ఫోటో తీసుకొని కదలి ఉండేవారమే.

మోరధ్వజుని మాట

ఆరంగ్ అన్న పేరుకు స్థానికులు చెప్పే కథ ఒకటి ఉన్నది. హిందీలో ఆరా అంటే రంపం. ఇది మోరధ్వజ మహారాజు రాజధాని అని వారి విశ్వాసం. శ్రీకృష్ణుడు ఆ రాజు సత్యసంధతను పరీక్షింపదలచి, అర్జునునితో కలిసి మారువేషంలో వచ్చి, వెంట తెచ్చిన సింహానికి రాజకుమారుని శరీరాన్ని ఆహారంగా కోరాడట. రాజు, రాణి తమ చేతులతోనే రంపం పట్టి కుమారుని కోయాలి. కంట నీరు రాకూడదు. ఆడిన మాట తప్పని ఆ దంపతులు రంపం పట్టగా, భగవానుడు ప్రత్యక్షమై బాలుని బ్రతికించాడని కథ. రంపం అంగాన్ని తాకిన చోటు కనుక ఆరంగ్ అయినదని పెద్దలు చెబుతారు.

తెలుగువారికి ఈ రాజు మయూరధ్వజుడుగా సుపరిచితుడు. పదునైదవ శతాబ్దంలో పిల్లలమర్రి పినవీరభద్రుడు రచించిన జైమిని భారతం ఇంటింటా చదివిన రోజులు ఉండేవి. జైమిని కథలో రాజు తన శరీరాన్నే ఇస్తాడు. భార్య, కుమారుడు కోస్తుండగా ఎడమ కంట నీరు కారుతుంది. ఏడ్చుచు ఇచ్చిన దానం నాకు వద్దని బ్రాహ్మణ వేషంలోని కృష్ణుడు అనగా, కుడి భాగం పరోపకారానికి పోతున్నది, తనకు ఆ భాగ్యం లేకపోయెనే అని ఎడమ కన్ను ఏడుస్తున్నదని రాజు బదులు చెబుతాడు. ఊరి కథలోను, కావ్య కథలోను త్యాగి వేరు. మాట ఒక్కటే.

ఈ కథను మేము ఆలయం సమీపంలోని టీ దుకాణం బల్ల మీద కూర్చుండి విన్నాము. చెప్పినవాడు దుకాణం యజమాని. లెక్కల మిత్రుడు కన్నులు మూసుకొని విని, "కంటి నీరు కూడా లెక్కలో చూపవలసినదే" అని నవ్వారు. ఉద్యోగకాలంలో కూడా ఆయన పద్దు అటువంటిదే. పైసా తేడా వస్తే రాత్రి పొద్దుపోయే వరకు కూర్చుండేవారు.

మైదానంలో ఒక ఉదయం

రెండవ రోజు నవా రాయపూర్ మైదానంలో ఆట. తెల్లవారుజామున మంచు పట్టి, గడ్డి మీద నడిచిన అడుగుల జాడలు తెలుస్తున్నవి. నలుగురేసి చొప్పున రెండు జట్లుగా బయలుదేరాము. లెక్కల మిత్రుడు, ఆ అమ్మాయి, మా అందరిలో పెద్దవారైన ఒక మిత్రుడు, నేను ఒక జట్టు.

చూపు లేనివారు గోల్ఫ్ ఎలా ఆడతారని పాఠకులకు సందేహం కలుగవచ్చును. బంతి కదలకుండా ఉండే ఆట కనుక అది సాధ్యమే. 2023 నుండి అమలులో ఉన్న నియమావళిలో ఇరువది అయిదవ నియమం వికలాంగ క్రీడాకారుల కొరకే చేర్చబడినది. దాని ప్రకారం చూపు లేని ఆటగానికి ఒక సహాయకుడు దిశ చూపవచ్చును, క్లబ్బును బంతి వెనుక సరిగా నిలపడంలో తోడ్పడవచ్చును. ఆ పని అమ్మాయి చేసినది. "పెదనాన్నా, జెండా నూట ముప్పై గజాలు, గాలి కుడి నుండి, ముందు బంకర్ ఉన్నది" అని చెప్పి, భుజాలు సరిచేసి ప్రక్కకు తప్పుకొనేది. ఆయన కొట్టేవారు. దెబ్బ శబ్దం విని, బంతి క్లబ్బు మధ్యలో తగిలినదో లేదో తానే చెప్పేవారు. ఎక్కడ పడినదో మాత్రం మేము చెప్పాలి.

ఆటలో సగం దాటిన తరువాత ఒకచోట ఆయన బంతి ఎడమకు పోయి, పొద మొదట్లో ఎత్తు గడ్డిలో చిక్కుకొన్నది. ముందుగా అక్కడికి చేరినవారు మా పెద్దాయన. ఆ రోజు లెక్కల మిత్రుడు ఎంతో బాగా ఆడుతున్నారు. ఉక్కు గ్లాసు చాలా ఏళ్ళకు ఆయన ఇంటికి వెళ్ళేటట్లున్నది. పెద్దాయనకు ఆయనంటే ప్రాణం. ఎవరూ గమనించరనుకొని, బూటు కొనతో బంతిని మూరెడు దూరం ఇవతలి పలుచని గడ్డిలోకి జరిపి, "ఇదిగో, ఇక్కడున్నది" అని పిలిచారు.

మిత్రుడు వచ్చి నిలుచున్నారు. పాదంతో నేలను ఒకసారి తడిమారు. చేతిని చాచగా పొద కొమ్మలు తగిలినవి. "పొదలో పడిన శబ్దం విన్నాను. బంతి ఇక్కడే ఆగినదా?" అని అడిగారు. ఎవ్వరమూ పలుకలేదు. కొంత సేపటికి పెద్దాయనే, "మూరెడు జరిపానయ్యా, ఆ పొదలో నుండి కొడితే చెయ్యి నొప్పి చేస్తుందని" అన్నారు.

మిత్రునికి కోపం రాలేదు. "అన్నగారూ, మీరు నాకు కళ్ళుగా ఉండండి, చాలు. చేతులు నాకున్నవి" అన్నారు. మళ్ళీ తానే, "నాకు కనబడదు కనుక మీరు చెప్పినదే నాకు నిజం. అందులో దయ కూడా కలిపితే నేనెక్కడ నిలుచున్నానో నాకు తెలియకుండా పోతుంది" అన్నారు.

ఇతరులు బంతిని కదిలిస్తే దాని యజమానికి జరిమానా లేదు. మొదట ఉన్నచోట తిరిగి పెట్టాలి, అంతే. పెద్దాయన వంగి, తన చేతులతోనే బంతిని పొద మొదట్లో పెట్టారు. అక్కడి నుండి బయటపడడానికి మిత్రునికి మూడు దెబ్బలు పట్టినవి. ఆ హోలులో సున్నా. ఆట ముగిసేసరికి ఒక పాయింటు తేడాతో గ్లాసు మరొకరి పాలైనది. మధ్యాహ్న భోజనానికి మిత్రుడు, పెద్దాయన ప్రక్కప్రక్కనే కూర్చుండి, ఒకరి పళ్ళెంలోనిది ఒకరు తీసుకొని తిన్నారు. ఆ సంగతి మరల ఎవరూ ఎత్తలేదు. పెద్దాయన అనుమతితోనే ఇక్కడ వ్రాస్తున్నాను. "వ్రాయవయ్యా, పిల్లలు చదువుతారు" అన్నారు.

ఇన్నేళ్ళుగా మమ్మల్ని కూర్చినది ఆటయే అనుకొనేవాళ్ళం. ఆ పొద దగ్గర మాకు మరొక విషయం అర్థమైనది. వయసుతో ఒకరి చూపు, ఒకరి మోకాలు, ఒకరి జ్ఞాపకం తగ్గుతూ పోతున్నది. తగ్గినదానిని మిత్రులు పూరించవలసినదే. పూరించేది నిజంతో కావాలి. మిత్రుని గెలిపించడానికి చెప్పిన అబద్ధం, ఎంత ప్రేమతో చెప్పినదైనా, అతనిని ఆటలో నుండి మెల్లగా తొలగించివేస్తుంది.

చంపారణ్యం

మూడవ రోజు చంపారణ్యం వెళ్ళాము. ఆరంగ్ మీదుగా రాయపూర్ నుండి అరవై కిలోమీటర్ల దూరం. పుష్టిమార్గ ప్రవర్తకుడైన వల్లభాచార్యులు 1479లో ఇక్కడ జన్మించారు. వారు వెలనాటి తెలుగు బ్రాహ్మణ కుటుంబానికి చెందినవారు. తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మ. దండయాత్ర భయంతో కాశీ విడిచి స్వస్థలానికి తిరిగి వస్తుండగా, ఈ అడవిలో ఎనిమిదవ మాసంలోనే ప్రసవం జరిగినదట. బిడ్డలో కదలిక లేకపోవడం చూచి, జమ్మిచెట్టు క్రింద ఆకులలో ఉంచి దుఃఖంతో ముందుకు సాగారు. తిరిగి వచ్చి చూడగా చుట్టూ అగ్నివలయం నడుమ బిడ్డ ఆడుకొంటున్నదని సంప్రదాయ కథ. నేడు గుజరాత్, రాజస్థాన్ రాష్ట్రాల నుండి వేలాది భక్తులు వస్తారు. ఒక తెలుగు తల్లి పురిటి మంచం ఈ అడవి అన్న సంగతి మా ఇంటి ఆడవారిని అక్కడ చాలాసేపు నిలిపినది. ఆలయ పరిసరాలలోని చెట్లను నరకకపోవడం అక్కడి ఆచారమని చెప్పారు.

వెళ్ళదలచిన వారికి

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. ఉదయం చలి ఉంటుంది, ఉన్ని దుస్తులు అవసరం. వేసవిలో ఎండ తీవ్రం. రాయపూర్‌లో బస చేసి, కారు మాట్లాడుకొంటే ఒక రోజులో ఆరంగ్, చంపారణ్యం చూడవచ్చును. సమయం ఉన్నవారు మహానది దాటి సిర్‌పూర్ తప్పక వెళ్ళాలి. అక్కడి ఇటుకల లక్ష్మణ దేవాలయాన్ని ఏడవ శతాబ్దంలో రాణి వాసట తన భర్త హర్షగుప్తుని స్మృతికి కట్టించినది. చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఆ నగరాన్ని దర్శించాడు. మహానది, పైరి, సోంఢూర్ నదులు కలిసే రాజిం కూడా ఈ ప్రాంతంలోనిదే. గోల్ఫ్ ఆడదలచినవారు మైదానం వారితో ముందుగా మాట్లాడుకొని వెళ్ళడం మంచిది. ఆట రానివారికీ యాత్ర లోటుగా ఉండదు. మా బృందంలో సగం మంది క్లబ్బు పట్టనివారే.

మన సంస్థలోని యువ సోదర సోదరీమణులకు ఒక మనవి. ఆట ఏదైనా కావచ్చును. క్యారమ్స్ కావచ్చును, చెరువు గట్టున నడక కావచ్చును. ఏటా ఒకసారి కలుస్తామని నలుగురు మిత్రులతో మాట అనుకోండి. దానిని జీతం, హోదా, విభాగం తెలియని మాటగా ఉంచుకోండి. పదవీ విరమణ తరువాత సంస్థ ఇచ్చే గడియారం, శాలువ బీరువాలో ఉంటాయి. ఇటువంటి మాట మాత్రం మనతో నడిచి వస్తుంది.

మా పద్ధతి ప్రకారం తిరుగు ప్రయాణానికి ముందు మరుసటి యాత్రకు తేదీ, స్థలం ఒకరు నిర్ణయించాలి. ఈసారి వంతు లెక్కల మిత్రునిది. వచ్చే ఏటికి చూపు ఎంత మిగులుతుందో వైద్యులు చెప్పలేమన్నారని ఆయన శ్రీమతి ముందే మాతో అన్నారు. రాయపూర్ స్టేషను ప్లాట్‌ఫారం మీద ఆయన కొంతసేపు ఆలోచించి, "మరల ఇక్కడికే. పుష్య పౌర్ణమికి. ఆ పొద బాకీ ఉన్నది" అన్నారు. వదినగారు తన సంచిలో నుండి చిన్న డైరీ తీసి, అందరికంటె ముందుగా ఆ తేదీ వ్రాసుకొన్నారు.